చవక పూలమొక్కల బేరంలో రోజుల లెక్క

హైదరాబాదు: గోదాములో వేసి ధర పెరిగేవరకు ఆగటానికి వీలులేని సరుకులలో సీజను పూలమొక్క ఒకటి. మిర్చిని శీతల గిడ్డంగిలో దాచవచ్చు. పసుపును ఏడాది దాటించవచ్చు. బంతి, పెటూనియా, డయాంథస్, సాల్వియా మొక్కలకు ఆ వెసులుబాటు లేదు. నారు మొలిచిన నాటినుంచే వాటి ఆయువు తరుగుతూ ఉంటుంది. అందుచేత ఈ సరుకులో చవక అన్నది కొన్న తర్వాత మొక్క ఎన్ని రోజులు పూస్తుందన్న దానినిబట్టి తేలుతుంది. పాతబస్తీలో మొక్కలు తెచ్చి అమ్మే చిల్లర వర్తకులు, ఫంక్షన్ హాళ్ళకు అద్దె కుండీలు సమకూర్చేవారు, దుకాణం ముంగిట కాస్త రంగు కనబడాలనుకునే వ్యాపారస్థులు తరచు దెబ్బతినేది ఈ లెక్క దగ్గరనే.

విడిపూలకు గుడిమల్కాపూరులో టోకు మార్కెటు ఉన్నది. మొక్కల బేరం మాత్రం నర్సరీ దగ్గర లాటు లెక్కన జరుగుతుంది. సరుకు రెండు వైపులనుంచి వస్తుంది. ఒకటి నగర శివార్లలోని నర్సరీలు. రెండవది తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలు. అక్కడినుంచి నగరానికి సుమారు 400 కిలోమీటర్లు, లారీకి ఒక రాత్రి ప్రయాణం. కడియం ధర వినటానికి తక్కువగా ఉంటుంది గాని దానిమీద లారీ బాడుగ, హమాలీ, దారిలో విరిగిన మొక్కల తరుగు కలుపుకోవాలి. మొక్క పది రూపాయల చొప్పున వంద మొక్కలు కొన్నారనుకుంటే, అందులో ఇరవై దారిలోనో నాటిన వారంలోనో పోతే, నిలిచిన మొక్క పన్నెండున్నర పడినట్లు. బాడుగ ఇంకా వేరు.

ఇంతకన్నా పెద్ద నష్టం కంటికి కనబడదు. నిండుగా విరిసిన మొక్క ఇరవై రూపాయలు, మొగ్గ తొడుగుతున్న మొక్క పదిహేను అనుకుందాం. కొనేవారి చెయ్యి సాధారణంగా విరిసినదానిమీదికే పోతుంది. అయితే చిన్న సంచీలో నిండుగా విరిసిన మొక్క తన పూతలో సగం నర్సరీలోనే ఖర్చు చేసి ఉంటుంది. దానికి 30 రోజుల పూత మిగిలి, మొగ్గ మొక్కకు 75 రోజులు మిగిలితే, మొదటిది రోజుకు 67 పైసలు, రెండవది 20 పైసలు. ఇరవై రూపాయల మొక్కను బేరమాడి పదికి తెచ్చుకున్నా లెక్క మారదు. పెళ్ళి రేపే ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారికి కావలసింది ఒక్క రాత్రి కాబట్టి విరిసినదే కొనాలి.

హైదరాబాదులో శీతకాలపు పూలకు నాటే అదను అక్టోబరు, నవంబరు. డిసెంబరు, జనవరి రాత్రులు సుమారు 15 డిగ్రీలకు దిగినప్పుడు పెటూనియా, డయాంథస్ బాగా పూస్తాయి. మార్చి ఎండలకు వాడి, ఏప్రిల్‌లో పోతాయి. మేలో పగటి వేడి 40 డిగ్రీలకు చేరుకున్నప్పుడు బిళ్ళగన్నేరు, గడ్డి గులాబీ వంటివే నిలుస్తాయి. ఇది నేల క్యాలెండరు. ఏటా ఒకే తీరున ఉంటుంది.

పాతబస్తీ గిరాకీ మాత్రం చాలావరకు నెలవంక క్యాలెండరుమీద నడుస్తుంది. పండుగకు ముందు గోడలకు సున్నం వేయించి, ముంగిట నాలుగు కుండీలు పెట్టుకునే ఇళ్ళకు మొక్కలు కావాలి. రంజాన్ నెలలో ఆగిన పెళ్ళిళ్ళు షవ్వాల్‌లో మొదలవుతాయి గనుక హాళ్ళ గిరాకీ దాని వెంటనే వస్తుంది. ఈ గిరాకీ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో ఈదుల్ ఫితర్ జూన్ 16న వచ్చింది. అప్పటికి శీతకాలపు మొక్కల పని అయిపోయింది. 2025లో మార్చి 31న వచ్చింది, అంటే పూత తుదిదశలో. 2027లో మార్చి 10 ప్రాంతాన, 2028లో ఫిబ్రవరి చివర, 2029లో ఫిబ్రవరి మధ్య వస్తుంది. నెలవంక కనబడటాన్నిబట్టి ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. పండుగ పూత మధ్యకు జరుగుతున్నదన్న మాట. 2018 ప్రాంతంలో బిళ్ళగన్నేరు తప్ప గతిలేని వర్తకునికి ఇకమీదట పెటూనియా కూడా అమ్ముడుపోయే సరుకే.

అయితే నవంబరులో విరిసిన మొక్కలు కొని ఫిబ్రవరి పండుగకు దాచటం కుదరదు. పెటూనియా విత్తనంనుంచి పూతకు సుమారు మూడు నెలలు, పొట్టిరకం బంతికి ఏడు వారాలు పడుతుంది. పండుగ తేదీనుంచి వెనక్కు లెక్కించి, నర్సరీకి ముందుగానే నారు చెప్పుకోవాలి. 98 గుంటల ట్రేలలో పెంచిన నారు సంచీ మొక్కకన్నా చాలా చవక. బాడుగ కూడా కలిసి వస్తుంది. దానిని సంచీలోకి మార్చి పెంచే జాగా, మనిషి, నీరు ఉన్నవారికే అది లాభం. లేనివారు మొగ్గ తొడిగిన సంచీ మొక్కకే పోవటం మంచిది.

కొనేటప్పుడు పది మొక్కలకు ఒకటి చొప్పున సంచీ అడుగు చూడాలి. వేళ్ళు బయటికి పొడుచుకువచ్చి గుండ్రంగా చుట్టుకుని ఉంటే అది ముదిరిన సరుకు. ఆకు తిరగేసి పేనుబంక ఉన్నదేమో చూడాలి. కాండం సన్నగా సాగి ఉంటే నీడలో పెరిగినదని గుర్తు. అటువంటిదానిని ఎండలో పెడితే వాడుతుంది గనుక వారం రోజులు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి. సంచీలోని మట్టి జిగురుగా ఉంటే నాటే ముందు నీటిలో ముంచి తడపాలి. ఎండి గట్టిపడిన ముద్దలోకి పైన పోసిన నీరు దిగదు.

ఎన్ని కావాలన్నదీ ముందుగా లెక్క వేసుకోవాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు మడికి అడుగు ఎడంలో వంద మొక్కలు, తొమ్మిది అంగుళాల ఎడంలో సుమారు 170 పడతాయి. కిషన్‌బాగ్, మూసారాంబాగ్ వంటి పేర్లలో తోట మిగిలినా పాత పేటలలో అంత నేల ఉన్న ఇళ్ళు అరుదు. అక్కడ బేరం కుండీల లెక్కనే. మొక్కలమీద జీఎస్టీ లేదు గాని ప్లాస్టిక్ కుండీలకు ఆ మినహాయింపు లేదు. కొందరికి కుండీల ఖర్చు మొక్కల ఖర్చును మించిపోతుంది. జుమేరాత్ బజారులో గురువారం దొరికే పాత బకెట్లు, డబ్బాలు ఆ పనికి సరిపోతాయి. అడుగున మూడు నాలుగు బెజ్జాలు కొట్టించుకుంటే చాలు.