నీటి గొట్టానికి ఊతకోల

పిల్లలూ! ఎర్రని ఫైరింజను కూత పెట్టుకుంటూ వీధి వెంట పోతూంటే మీరు వాకిట్లోకి పరుగెత్తి చూసే ఉంటారు. దాని మీద నిచ్చెన ఉంటుంది. చుట్టలు చుట్టిన గొట్టాలుంటాయి. టోపీలు పెట్టుకున్న మనుషులుంటారు. వీటిని అందరూ చూస్తారు. కాని కొన్ని బండ్లలో ఒక మూల మడతపెట్టిన ఇనపకాళ్ల పీటలాంటి వస్తువు ఒకటి పడి ఉంటుంది. దానికేసి ఎవరూ చూడరు. నిప్పు దగ్గర మనుషుల ప్రాణాలు కాపాడే వస్తువుల్లో అదీ ఒకటి. నీటి గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచే ఊతకోల అది.

“గొట్టాన్ని పట్టుకోవడానికి మనిషి ఉన్నాడు కదా, మళ్లీ ఊతకోల ఎందుకు?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దానికి జవాబు తెలియాలంటే ముందు ఆ గొట్టం సంగతి తెలియాలి.

గొట్టం ఎందుకు తంతుంది?

మీరు పడవ మీద నుంచి ఒడ్డుకు దూకారనుకోండి. మీరు ముందుకు వస్తారు, పడవ వెనక్కి పోతుంది. ప్రతి చర్యకూ దానితో సమానమైన ప్రతిచర్య ఎదురు దిశలో ఉంటుందని న్యూటన్ 1687లో అచ్చయిన తన గ్రంథంలో చెప్పాడు. గొట్టంలోంచి నీరు ముందుకు దూకితే గొట్టం కూడా పడవలాగే వెనక్కి పోవాలని చూస్తుంది.

ఎంత బలంతో వెనక్కి పోతుంది? లెక్క కట్టి చూద్దాం. గొట్టం కొసన తగిలించే లోహపు గొట్టాన్ని ఫైరువాళ్లు బ్రాంచి అంటారు. దాని సన్నని మూతి పేరు నాజిలు. నాజిలు రంధ్రం 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నదనుకోండి. అంటే సుమారు మన రూపాయి బిళ్లంత. దాని వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. లోపలి నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు ఉన్నదనుకుందాం. అప్పుడు నీరు సెకనుకు 37 మీటర్ల వేగంతో, అంటే పెద్ద ఎక్స్‌ప్రెస్ రైలంత జోరుగా బయటికి దూకుతుంది. ఒక్క సెకనులో 11 లీటర్లకు పైగా వస్తుంది.

వెనక్కి తన్నే బలం తెలుసుకోవడానికి ఒత్తిడిని వైశాల్యంతో హెచ్చించి, దాన్ని రెట్టింపు చేయాలి. 7ను 3.14తో హెచ్చిస్తే సుమారు 22. దానికి రెట్టింపు 44. అంటే 44 కిలోల తోపు! తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు మీ ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి, ఒళ్లు బరువంతా వేసి తోస్తూ ఉన్నట్టన్నమాట. ఒక్క నిమిషమైతే ఎవరైనా ఓర్చుకోగలరు. కాని మంటలు గంటల తరబడి ఆరవు. తడి నేల జారుతూ ఉంటుంది, పొగ కళ్లల్లోకి వస్తూ ఉంటుంది.

ఇంకో సంగతి చూడండి. నాజిలు వెడల్పు రెట్టింపు చేసి 40 మిల్లీమీటర్లు పెడితే, తోపు కూడా రెట్టింపవుతుందనుకుంటున్నారా? కాదు. వెడల్పు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుంది. తోపు 176 కిలోలకు పోతుంది. ఎంతటి బలశాలి అయినా దాన్ని ఒంటిచేత్తో ఆపలేడు.

పట్టు తప్పిందంటే మరీ ప్రమాదం. వదిలేసిన గొట్టం దెబ్బతిన్న తాచుపాములా అటూ ఇటూ కొట్టుకుంటుంది. దాని కొసనున్న లోహపు బ్రాంచి తగిలితే ఎముకలు విరుగుతాయి. అందుకే ఒక్క గొట్టాన్ని ఇద్దరో ముగ్గురో పట్టుకోవలసి వస్తుంది.

తోలు తొండం నుంచి

పూర్వం మన పల్లెల్లో కపిల తోలేవారు. ఎడ్లు మోకు లాగితే నూతిలోంచి బాన పైకి వచ్చేది. బాన అడుగున ఉండే తోలు తొండంలోంచి నీరు కాలవలో పడేది. మంటలార్పే గొట్టం కూడా మొదట తోలుతో చేసినదే.

హాలెండు దేశంలో ఆంస్టర్‌డాం అనే నగరం ఉన్నది. 1652లో అక్కడి పాత పురభవనం కాలిపోయింది. ఆ మంటను చూసిన వారిలో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే పదిహేనేళ్ల కుర్రవాడున్నాడు. అతడు పెద్దవాడై పేరుపొందిన చిత్రకారుడయ్యాడు. కాని చిన్ననాడు చూసిన ఆ మంట అతని మనసులోంచి పోలేదు. ఆ రోజుల్లో జనం బారులు తీరి బకెట్లతో నీళ్లు అందించేవారు. పంపులుండేవి గాని, వాటి మూతి బండికే బిగించి ఉండేది. మంటకు ఎదురుగా ఎక్కడో నిలిచి చిమ్మవలసిందే తప్ప, గదిలోకి, మెట్ల మీదికి నీరు తీసుకుపోయే వీలు లేదు.

వాన్ డెర్ హైడెన్ తన తమ్మునితో కలిసి 1672లో తోలు గొట్టాలు కుట్టించి పంపుకు తగిలించాడు. బండి వీధిలో ఉంటుంది, గొట్టం మాత్రం నిప్పు దాకా పోతుంది. ఈ పద్ధతిని బొమ్మలతో సహా వివరిస్తూ 1690లో ఆయన ఒక పుస్తకం కూడా అచ్చువేశాడు.

ఆనాటి పంపులను మనుషులే చేతులతో కొట్టేవారు. అందుచేత ఒత్తిడి తక్కువ, గొట్టం తన్నడమూ తక్కువే. 1807లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో తోలు అంచులను దారంతో కుట్టడం మాని, రివెట్లతో బిగించడం మొదలుపెట్టారు. గొట్టాలు గట్టిపడ్డాయి. 1829లో లండనులో ఆవిరితో నడిచే ఫైరింజను తయారైంది. తరవాత రబ్బరు పూసిన గుడ్డ గొట్టాలు, పెట్రోలు, డీజిలు పంపులు వచ్చాయి. యంత్రం బలం పెరిగిన కొద్దీ నీరు దూరం పోయింది. దానితోపాటు గొట్టం తన్నే బలమూ పెరిగింది. యంత్రానికి బలం వచ్చింది గాని, మనిషి చేతులకు కొత్త బలం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఊతకోల అవసరమైంది.

ఊతకోల పనితీరు

దీన్ని ఫైరువాళ్లు బ్రాంచి హోల్డరు అంటారు. చాలా తేలిక పరికరం. బ్రాంచిని బిగించి పట్టే ఒక ఇనప పట్టా, దాని కింద బాగా ఎడంగా విచ్చుకునే కాళ్లు, కాళ్ల కొసల్లో నేలలోకి దిగే ములుకులు ఉంటాయి. బ్రాంచిని అందులో పెట్టి మర బిగిస్తే, ముగ్గురు పట్టవలసిన గొట్టాన్ని ఒక్క మనిషి చూసుకోగలుగుతాడు. ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసేదాన్ని మానిటరు అంటారు. దాన్ని పీట మీద నిలిపి, చక్రమో పిడియో తిప్పుతూ ధారను పైకీ కిందికీ, పక్కలకూ మళ్లిస్తారు.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. నీటి ధార ఏటవాలుగా పైకి పోతోందనుకోండి. అప్పుడు గొట్టం తన్నేది ఎటు? ఎదురు దిశలో, అంటే వెనక్కీ కిందికీ. ఆ కిందికి తన్నే బలమే ములుకులను నేలలోకి దించుతుంది. గొట్టం ఎంత గట్టిగా తన్నితే పీట అంత గట్టిగా నిలుస్తుంది! శత్రువు బలాన్నే మన బలంగా మార్చుకోవడం అంటే ఇదే.

కాని ధారను బాగా కిందికి దించి, నేలకు సమంగా చిమ్మితే ఏమవుతుంది? కిందికి నొక్కే బలం పోయి, వెనక్కి తోసే బలమే మిగులుతుంది. పీట జారి పోతుంది, లేదా తిరగబడుతుంది. అందుకే నేల మీద పెట్టే మానిటర్లలో చాలావాటికి, ధార సుమారు 35 డిగ్రీల కన్న కిందికి దిగకుండా ఒక అడ్డు పెడతారు. అంతకన్న దించవలసి వస్తే పీటను గొలుసుతోనో తాడుతోనో గట్టి ఆధారానికి కట్టుకోవాలి.

పరికరం లేనప్పుడు ఫైరువాళ్లు గొట్టాన్నే ఊతగా చేసుకుంటారు. గొట్టాన్ని నేల మీద పెద్ద చుట్టగా తిప్పి, కొసను చుట్ట కింది నుంచి ముందుకు తీసి, కలిసిన చోట తాడుతో కట్టి, దాని మీద కూర్చుంటారు. 63 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరు పొడవుకు 3 కిలోల నీరుంటుంది. ఆరు మీటర్ల చుట్ట వేస్తే 18 కిలోలకు పైగా బరువు నేలను అంటుకుని ఉంటుంది. దానికి మనిషి బరువు తోడవుతుంది.

గొట్టాన్ని మేడ మీదికి తీసుకుపోయినప్పుడు ఈ నీటి బరువే చిక్కు తెస్తుంది. 12 మీటర్ల ఎత్తు నుంచి వేలాడే గొట్టంలో నీరే 37 కిలోలుంటుంది. అదంతా పైనున్న మనిషి చేతులనూ, గొట్టం అతుకులనూ కిందికి లాగుతుంది. అందుకని ఒక తాడునో పట్టీనో గొట్టానికి చుట్టి, కిటికీకో, నిచ్చెన మెట్టుకో తగిలిస్తారు. కావిడిబద్ద బరువును భుజానికెత్తుకున్నట్టు, ఆ పట్టీ గొట్టం బరువును తాను మోస్తుంది.

మనిషి దూరంగా ఉండవచ్చు

ఊతకోల వల్ల చేతులకు విశ్రాంతి దొరకడం ఒక్కటే లాభం కాదు. అంతకన్న పెద్ద లాభం ఇంకొకటి ఉన్నది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్టు స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకున్నది. అందులో పత్తి బేళ్లు ఉన్నాయి. సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి కూడా ఉన్నది. ఫైరువాళ్లు గొట్టాలు పట్టుకుని ఓడ మీదా, రేవు గట్టు మీదా నిలబడి నీరు చిమ్ముతూనే ఉన్నారు. సాయంకాలం నాలుగు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఓడ పేలిపోయింది. వందల మంది మరణించారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి జ్ఞాపకార్థమే మన దేశంలో ఏటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవా దినంగా జరుపుతారు.

ఆ రోజు అంత ఘోరం జరగడానికి కారణాలు అనేకం. ఊతకోల ఒక్కటి ఉంటే అందరూ బతికేవారని అనడం సరికాదు. కాని మనం నేర్చుకోవలసింది ఒకటి ఉన్నది: గొట్టాన్ని చేత్తో పట్టుకున్నంత సేపూ మనిషి నిప్పు దగ్గరే నిలబడాలి. గొట్టాన్ని పీటకు అప్పగిస్తే అతడు వెనక్కి రాగలడు. గ్యాసు ట్యాంకులు, నూనె ట్యాంకులు తగలబడినప్పుడు ఈనాటి ఫైరువాళ్లు చేసేది అదే. మానిటరును నిలిపి, ధారను సరిచూసి, మనుషులు దూరంగా పోతారు. నీరు మాత్రం పడుతూనే ఉంటుంది.

2019 ఏప్రిల్ 15న పారిస్ నగరంలోని నోత్ర్ దామ్ అనే ప్రాచీనమైన చర్చి కప్పుకు నిప్పంటుకున్నది. పైనుంచి దూలాలు విరిగి పడుతున్నాయి. అక్కడి అగ్నిమాపక దళం కొలోసస్ అనే మరమనిషిని లోపలికి పంపింది. మరమనిషి అంటే చేతులూ కాళ్లూ ఉండేది కాదు. యుద్ధ ట్యాంకు మాదిరి పట్టాల మీద దొర్లే, సుమారు 500 కిలోల బరువున్న బండి. గొట్టాన్ని లాక్కుపోయి, తన మీదున్న మానిటరుతో నీరు చిమ్ముతుంది. నడిపే మనిషి దూరంగా ఉంటాడు. కొంచెం ఆలోచిస్తే, మన పాత ఊతకోలే కదలడం నేర్చి అక్కడికి వెళ్లిందని మీకే తోస్తుంది.

చేసి చూడండి

పెద్దవాళ్లను అడిగి, పెరటి కుళాయికి మెత్తని రబ్బరు గొట్టం తగిలించండి. కొసను నున్నని నేల మీద వంపుగా పెట్టి, కుళాయిని ఒక్కసారి పూర్తిగా తిప్పండి. ధార జోరుగా ఉంటే కొస పక్కకు జరుగుతుంది. ఇప్పుడు కొసకు జానెడు వెనకగా ఒక ఇటుక పెట్టండి. జరగడం ఆగుతుంది. ఇటుకను మూరెడు వెనక్కి జరిపి చూడండి. ముందున్న భాగం మళ్లీ ఆడుతుంది. ఊత కొసకు దగ్గరగా ఎందుకు ఉండాలో దీనివల్ల బోధపడుతుంది. తరవాత మూడు కర్రలను పైకొసల దగ్గర తాడుతో కట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, గొట్టాన్ని దాని మీద కట్టండి. కాళ్లు దగ్గరికి చేర్చి ఒకసారి, ఎడంగా పెట్టి ఒకసారి చూసి, ఏది గట్టిగా నిలిచిందో పుస్తకంలో రాసుకోండి. ఇదంతా మొక్కల దగ్గర చేయండి. నీరు వృథా కాదు.

ఇక ఒక మాట. ఎక్కడైనా నిప్పు కనబడితే పెద్దవాళ్లకు చెప్పి, 101కి గాని 112కి గాని ఫోను చేయించండి. ఊరు, వీధి, దగ్గరి గుర్తు స్పష్టంగా చెప్పాలి. ఫైరింజను వచ్చిన తరవాత నేల మీద పరచిన గొట్టాలను తొక్కవద్దు. మీ నాన్నగారి బండిని వాటి మీద నుంచి పోనివ్వవద్దని చెప్పండి. ఆ గొట్టం అవతలి కొసన ఒక మనిషి పొగలో నిలబడి, ఆ నీటినే నమ్ముకుని ఉంటాడు.