సైకాలజిస్టు కావాలంటే... ఏడేళ్ల లెక్క

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు, సోషల్ వర్కర్‌లలో ఒక్కరైనా ఉండి తీరాలి. 2025 జులై 25న సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. దేశంలో 2022 ఒక్క ఏడాదే 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో నమోదు చేసింది.

కోర్టే చెప్పింది కాబట్టి ఉద్యోగాలు పెరుగుతాయని, పిల్లల్ని సైకాలజీలో చేర్పించవచ్చా అని ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. నిశ్చింతగా చేర్పించవచ్చు. కాకపోతే ముందు కొన్ని లెక్కలు తెలుసుకోవాలి.

14 లక్షల మందికి ఒక్కరు

బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ తేలింది.

మరి చూసేవాళ్లు ఎందరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో లక్ష మందికి 0.07 మంది సైకాలజిస్టులు. అంటే దాదాపు 14 లక్షల మందికి ఒకరు. ఇప్పటి మన జిల్లాల జనాభాతో పోలిస్తే, ఇంచుమించు జిల్లాకు ఒక్కరు.

3 + 2 + 2

ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ, ఆపైన రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. మొత్తం ఏడేళ్లు. ఇన్నాళ్లుగా క్లినికల్ సైకాలజిస్టులు ఎక్కువగా వచ్చిన దారి ఇదే. సైకియాట్రిస్టుది వేరే దారి: అయిదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎండీ. మందులు రాసేది ఆయన. పరీక్షించి సమస్యను అంచనా వేయడం, మాటలతో, సాధనతో చికిత్స చేయడం సైకాలజిస్టు పని.

ఈ ఏడేళ్లలో చివరి రెండూ ప్రాణం లాంటివి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్‌నీ, అందులో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూసే శిక్షణనీ ప్రస్తావించింది. కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు ఉండాలి.

సెకనుకు ఒక అంకె

ఆ శిక్షణ ఎలా ఉంటుందో ఒక్క గదిలోకి వెళ్లి చూద్దాం. ఎనిమిదేళ్ల బాబు బళ్లో వెనకబడుతున్నాడని అమ్మ తీసుకొచ్చింది. ఎదురుగా కూర్చున్న శిక్షణార్థి, "నాన్నా, నేను కొన్ని అంకెలు చెప్తాను, విని మళ్లీ చెప్పాలి, సరేనా?" అంటుంది. "నాలుగు... తొమ్మిది... రెండు." సెకనుకు ఒకటి, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. బాబు చెప్పగలిగితే ఇంకో అంకె కలుస్తుంది. తర్వాత వేరే అంకెలు విని, వాటిని వెనక నుంచి చెప్పాలి. పక్కనుంచి అమ్మ "చెప్పు కన్నా, నీకు వచ్చుగా" అంటుంది. ఆమె నొచ్చుకోకుండా ఆపడమూ ఈ పనిలో భాగమే.

తెలుగులో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క అక్షరంతో అయిపోయే అంకె లేదు. ఎనిమిదికి నాలుగు అక్షరాలు కావాలి. అదే ఇంగ్లిషులో ఒక్క 'సెవెన్' తప్ప మిగతావన్నీ ఒక్క ఊపులో పలికేవే. పలకడానికి ఎక్కువ సమయం పట్టే భాషలో తక్కువ అంకెలు గుర్తుంటాయని వెల్ష్, ఇంగ్లిషు రెండూ వచ్చినవాళ్లపై 1980లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇంగ్లిషు పిల్లల కొలతతో మన బాబును కొలిచి మందబుద్ధి అని రాసేస్తే, తప్పు ఎవరిది?

సాయంత్రం శిక్షణార్థి రాసుకొచ్చిన ఆ జవాబుల కాగితం చూసిన గురువు మొదట మార్కులు అడగరు. "బాబు పొద్దున టిఫిన్ తిన్నాడా?" అని అడుగుతారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి అంకెలు సరిగ్గా గుర్తుండకపోవచ్చు. ఇలాంటి ప్రశ్న ఏ పాఠ్యపుస్తకం చదివినా దానంతట అది నోటికి రాదు. తప్పు చేసి, దిద్దించుకుంటేనే వస్తుంది.

చేరే ముందు చూడాల్సిన రెండు సంవత్సరాలు

మొదటిది 2025. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని యూజీసీ ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆదేశించింది. రెండోది 2025-26. మామూలు ఎంఫిల్ రద్దయినా, క్లినికల్ సైకాలజీలో ప్రవేశాలకు యూజీసీ ఆ విద్యాసంవత్సరం వరకు గడువిచ్చింది. దారి మారుతున్న కాలమిది. కాబట్టి బ్రోషర్‌ను నమ్మకండి. ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, మీరు చేరే ఏడాదికి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ జాబితాలో స్వయంగా చూసుకోండి. కొద్దివారాల సర్టిఫికెట్ కోర్సు చేసి క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవడం కుదరదు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ మానసిక వైద్యాలయం వంటివి ఈ పని జరిగే చోట్లు. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. సాయం కావాల్సినవాళ్లకు అది ఇప్పుడే, ఏ వేళనైనా అందుబాటులో ఉంది.

ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఈ దారి అడిగితే "పిచ్చివాళ్ల డాక్టరా?" అని కొట్టిపారేయకండి. ఏడేళ్ల ఫీజు, ఏడేళ్ల ఓపిక రెండూ ఉన్నాయా అని పక్కన కూర్చుని లెక్క వేయండి. వంద మంది చదివే చోట ఒక్కరైనా ఉండాలని కోర్టు చెప్పింది. టిఫిన్ తిన్నాడా అని అడగడం తెలిసిన ఆ ఒక్కరు మాత్రం మన ఇళ్లలోంచే రావాలి.