వార్తల్లో పదం: డేటమ్

భూముల రీసర్వే వార్తల్లో రోవర్లు (పొలంలో తిరుగుతూ కొలిచే జీపీఎస్ పరికరాలు), కార్స్ స్టేషన్లు (వాటికి సవరణలు అందించే స్థిర కేంద్రాలు) తరచూ వినిపిస్తాయి. వాటి అడుగున ఉండే మాట డేటమ్. అక్షాంశ రేఖాంశాలను ఏ ఆకారం మీద, ఎక్కడి నుంచి లెక్కగట్టాలో చెప్పే ప్రాతిపదిక ఇది.

భూమి సరైన గోళం కాదు కాబట్టి గణితానికి లొంగే దీర్ఘగోళాన్ని ఊహించుకోవాలి. జార్జ్ ఎవరెస్ట్ 1830లో ప్రతిపాదించినదే మన పాత పటాలకు ఆధారం. దానిపై నిలిచిన డేటమ్‌కు మూలబిందువు మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84తో పోలిస్తే ఎవరెస్ట్ దీర్ఘగోళపు భూమధ్యరేఖా వ్యాసార్ధం సుమారు 860 మీటర్లు తక్కువ. భారత ఉపఖండానికి బాగా అమరింది, ప్రపంచానికి కాదు. అందుకే పాత పటంలోని అంకెలను నేరుగా జీపీఎస్‌లో వేస్తే, తెలుగు ప్రాంతాల్లో చోటు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. పొలం గట్టు తగాదాలో అది చిన్న తేడా ఏమీ కాదు!

2005 జాతీయ పటాల విధానం పౌరుల పటాలను డబ్ల్యూజీఎస్-84కు, యూటీఎం ప్రొజెక్షన్‌కు మార్చింది. వంపు నేలను చదును కాగితం మీదికి దించే పద్ధతే ప్రొజెక్షన్. యూటీఎం ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోస్తుంది. ఈ కోతకు రాష్ట్రాల హద్దులతో పనిలేదు: అనంతపురం 43వ పట్టీ, విజయవాడ 44, ఇచ్ఛాపురం 45.