కాలంలో వెనక్కెళ్లే కోర్సుందా?

‘ఇంటరయ్యాక టైమ్‌మెషీన్‌ గురించి చదువుకుంటా’ అని పిల్లలంటే ఏ ఇంట్లోనైనా ముందు వినిపించేది నవ్వే. ‘ఆదిత్య 369 ఎన్నిసార్లు చూశావేంటి?’ అని ఆటపట్టిస్తారు కూడా. నవ్వులయ్యాక అసలు ప్రశ్న మొదలవుతుంది... ఆ చదువు ఏ కాలేజీలో ఉంది?

నాన్న కోసం...

అమెరికాలో రోనాల్డ్‌ మాలెట్‌కి పదేళ్లప్పుడు, 1955లో, నాన్న గుండెపోటుతో చనిపోయారు. టీవీలు బాగుచేసే ఆయనకి అప్పటికి 33 ఏళ్లే. ఏడాది తర్వాత హెచ్‌.జి.వెల్స్‌ ‘టైమ్‌ మెషీన్‌’ కథ ఆ పిల్లాడి చేతికందింది. అలాంటి యంత్రం తయారుచేసి వెనక్కెళితే నాన్నని కాపాడుకోవచ్చు కదా అనుకున్నాడు. కాలేజీకి డబ్బుల్లేక ముందు వైమానికదళంలో చేరారు. ఆ తర్వాత పెన్‌ స్టేట్‌ యూనివర్సిటీలో ఫిజిక్స్‌ చదివి, 1973లో పీహెచ్‌డీ అందుకున్నారు. కనెక్టికట్‌ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. నవ్వుతారన్న భయంతో అసలు కోరిక ఏళ్ల తరబడి పైకి చెప్పలేదు. కృష్ణబిలాల మీద పనిచేస్తున్నాననేవారు.

పేరు వేరు, పాఠం ఒకటే!

నిజానికి అది అబద్ధమేం కాదు. కృష్ణబిలాలకైనా కాలయానానికైనా ఆధారం ఐన్‌స్టీన్‌ 1915లో చెప్పిన సాధారణ సాపేక్ష సిద్ధాంతమే. ఆ సమీకరణాల్లో గతంలోకి వెళ్లే దారి ఉందని 1949లో గోడెల్‌ చూపించారు. 1988లో కిప్‌ థార్న్‌ బృందం వార్మ్‌హోల్స్‌తో లెక్కకట్టింది. ప్రకృతి అందుకు ఒప్పుకోదని 1992లో హాకింగ్‌ వాదించారు. కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదన్నది మాత్రం రుజువైన సంగతే. జీపీఎస్‌ ఉపగ్రహాల్లోని గడియారాలు నేలమీద వాటికన్నా రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకెళతాయి. దాన్ని సరిచేయకపోతే ఫోన్‌ మనకి దారి తప్పు చూపిస్తుంది.

ఎక్కడ చేరాలి?

కాబట్టి వెతకాల్సింది ‘టైమ్‌ ట్రావెల్‌’ అన్న పేరు కోసం కాదు, గణితం, ఫిజిక్స్‌ గట్టిగా చెప్పే చోటు కోసం. దేశంలోని ఏడు ఐసర్‌లలో ఒకటి మన తిరుపతిలోనే ఉంది. ఇంటర్‌ ఎంపీసీతో అక్కడ ఐదేళ్ల బీఎస్‌-ఎంఎస్‌లో చేరొచ్చు. హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్‌ ఎమ్మెస్సీ, బెంగళూరు ఐఐఎస్‌సీలో నాలుగేళ్ల బీఎస్‌ ఉన్నాయి. ఆపైన పీహెచ్‌డీకి పుణెలోని ఐయూకా, బెంగళూరులోని ఐసీటీఎస్‌ లాంటి సంస్థలున్నాయి. అక్కడ ఫెలోషిప్‌ కూడా ఇస్తారు.

చేరేముందు ఆరా తీయాల్సినవి మూడు. సాపేక్ష సిద్ధాంతం మీద పరిశోధన చేసే అధ్యాపకులున్నారా? డిగ్రీలోనే విద్యార్థుల్ని ప్రాజెక్టుల్లోకి తీసుకుంటారా? సీనియర్లు ఎక్కడ స్థిరపడ్డారు?

‘మరి టైమ్‌మెషీన్‌ రాకపోతే?’ అన్నది అమ్మానాన్నల బెంగ. ఆ పాఠాలే గురుత్వ తరంగాల పరిశోధనకీ పనికొస్తాయి. అందుకోసం మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా కేంద్రం కట్టడానికి 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది.

మాలెట్‌ 2000లో లేజర్‌ కాంతితో ఓ సిద్ధాంతం ప్రతిపాదించారు. అది సాధ్యం కాదని తోటి శాస్త్రవేత్తలు లెక్కలతో అభ్యంతరం చెప్పారు. ఆయన నాన్న దగ్గరకి వెళ్లలేకపోయారు. కానీ టీవీ మెకానిక్‌ కొడుకుని ప్రొఫెసర్‌ని చేసింది మాత్రం ఆ కోరికే!