గత్తర మూయలేని దారి

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మన దిక్కు పెద్దవాళ్లు ఇప్పటికీ అనే మాట ఒకటుంది: "నీళ్లు జాస్తి తాపకుండ్రి, తాగిందంతా పోతది." చూసేవాళ్లకు అది నిజమేననిపిస్తుంది. కానీ ఆ మాట పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకో తెలియాలంటే పేగు కణం దగ్గర క్రిమి చేసే పని చూడాలి.

విరేచనాల జబ్బుల్లో అన్నింటికంటే బాగా అర్థమైనది కలరా, పాతవాళ్ల మాటలో గత్తర. విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా పేగు కణాన్ని చీల్చదు, లోపలికీ దూరదు. పేగు గోడను అంటిపెట్టుకుని ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం ఒక్కటే చాలునని 1959లో కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే చూపించారు. కలరా బ్యాక్టీరియా పెరిగిన ద్రవంలోంచి బ్యాక్టీరియాను పూర్తిగా వడగట్టి, మిగిలినదాన్ని కుందేలు పేగులోకి ఎక్కించారు. క్రిమి లేకుండానే పేగు నీటితో ఉబ్బిపోయింది.

ఆ విషంలో ఐదు ముక్కల వలయం ఒకటి కణం పైపొరలోని జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటుంది. కణమే దాన్ని లోపలికి తీసుకుంటుంది. లోపలికి చేరిన రెండో భాగం, కణంలో సంకేతాలు నడిపే జీ ప్రొటీన్‌కు ఒక రసాయన ముక్కను అంటిస్తుంది. మామూలుగా ఆ ప్రొటీన్ కాసేపు పనిచేసి తనంతట తానే ఆగుతుంది. ముక్క అంటుకున్నాక ఆగలేదు. దాంతో సైక్లిక్ ఏఎంపీ పేరుకుపోతుంది, క్లోరైడ్‌ను బయటికి వదిలే మార్గాలు తెరుచుకునే ఉంటాయి. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీళ్లు పోతాయి. నిజాంసాగర్ కాలువ తూముకు షట్టర్ ఎత్తి కట్టేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. తూము చెడిపోలేదు, దించే వీలు లేదు. తీవ్రమైన కలరాలో పెద్ద మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. ఆ నీటితోపాటు కోట్లాది బ్యాక్టీరియా బావికీ చెరువుకూ చేరతాయి. క్రిమికి కావలసింది అదే. చిన్నపిల్లల విరేచనాలకు తరచుగా కారణమయ్యే ఒక రకం ఈ.కోలై కూడా ఇలాంటి విషాన్నే తయారుచేస్తుంది.

అయితే ఈ విషం ముట్టుకోని దారి ఒకటి మిగిలింది. పేగు కణంలో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ ఉంది. గ్లూకోజ్, సోడియం రెండూ కలిసి వస్తేనే అది వాటిని లోపలికి తీసుకుంటుంది, వెంట నీళ్లూ వస్తాయి. గ్లూకోజ్‌, సోడియం ఇలా జంటగా ప్రయాణిస్తాయన్న సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు. గత్తర సోకిన పేగులోనూ ఈ దారి పనిచేస్తుంది. ఉత్త నీళ్లు తాపితే చాలకపోవడానికీ, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ప్రాణం నిలపడానికీ తేడా ఇక్కడే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో గత్తర వ్యాపించి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే తాపించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని పేరుపొంది, 2015లో మూతబడిన నిజాం షుగర్స్ ఉన్న బోధన్‌లో చక్కెర గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ కొలత ముఖ్యం. ఈ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లకే ఓఆర్‌ఎస్ అని పేరు. ఇప్పటి ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు. చక్కెర ఎక్కువైతే అదే నీటిని పేగులోకి గుంజి విరేచనాలు పెంచుతుంది. అందుకే 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత మోతాదును తగ్గించింది. పిల్లవాడు నీరసంగా ఉన్నాడని చెరుకు రసం తాపడం ఈ కారణం చేతనే తప్పు: తీపి మోతాదుకు మించి, ఉప్పు నామమాత్రం, పైగా ఐసు ఏ నీళ్లదో తెలియదు. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటికి తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు చాలు.

కలుషిత నీటితోనే వచ్చే టైఫాయిడ్ దారి మాత్రం వేరు. సాల్మొనెల్లా టైఫీ సన్నని సూదిలాంటి నిర్మాణంతో తన ప్రొటీన్లను కణంలోకి ఎక్కించి, ఆ కణమే తనను మింగేలా చేస్తుంది. తర్వాత మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్తకణాల్లోనే బతుకుతుంది. దానికి ఓఆర్‌ఎస్ మందు కాదు, యాంటీబయాటిక్ కావాలి. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ టీకా నేపాల్, మలావీ పిల్లల్లో సుమారు 80 శాతం రక్షణ ఇచ్చింది.

ఓఆర్‌ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ఆశా కార్యకర్తను అడిగితే ఊరికే ఇస్తారు, జింక్ గోలీలు కూడా. విరేచనాలు మొదలవగానే ఓఆర్‌ఎస్ తాపండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ తాపండి. కళ్లు లోతుకుపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, దారిలో కూడా తాపడం ఆపకండి.