కన్ను చూచునా, మెదడు చూచునా?

మనము లోకమును కంటితో చూచుచున్నామని చెప్పుకొందుము. ఈ మాట సగమే నిజము. తక్కిన సగమును తెలిసికొనుటకు చిన్న పరీక్ష యొకటి చేయుదము. రెండుచేతులను ముందునకు చాచి, బొటనవ్రేళ్లను పైకెత్తి ప్రక్కప్రక్కన నిలుపుదము. ఎడమకన్ను మూసికొని, కుడికంటితో ఎడమ బొటనవ్రేలినే చూచుచు, కుడిచేతిని మెల్లగా కుడివైపునకు జరుపుదము. చూపు మాత్రము కదలరాదు. ఆరేడంగుళములు జరుగునప్పటికి కుడి బొటనవ్రేలి కొన మాయమగును. ఇంకను జరిపినచో మరల కనబడును.

దీనికి కారణ మేమి? కంటిలోపలి నేత్రపటలమునుండి దృగ్నాడి వెలుపలికి పోవుచోట వెలుగును గ్రహించు కణములు లేవు. ఆ చోటు గ్రుడ్డిది. అయినను వ్రేలు మాయమైనచోట మనకు నల్లని రంధ్రము కనబడదు. వెనుకనున్న గోడయే కనబడును. ఆ గోడముక్కను అచట అతికినది కన్ను కాదు, మెదడు.

కన్ను చేయు పని తక్కువది కాదు. కటకముగుండ వచ్చిన వెలుగు నేత్రపటలముపై తలక్రిందులైన బింబముగా పడును. అచటి కణములు దానిని విద్యుత్సంకేతములుగా మార్చును. సుమారు 10 లక్షల తంతువులుగల దృగ్నాడి వానిని మెదడునకు చేర్చును. తల వెనుకభాగమున నున్న దృష్టికేంద్రములో కొన్ని కణములు నిలువుగీతలకు, కొన్ని ఏటవాలు గీతలకు, కొన్ని కదలికకు స్పందించును. ఈ తునకలన్నియు కూడిన పిమ్మటనే మనకు ‘ఇది చెంబు’, ‘ఇది అమ్మ ముఖము’ అను జ్ఞానము కలుగుచున్నది.

మన యింటి రేడియోకు ఏరియల్ ఎట్టిదో, మెదడునకు కన్ను అట్టిది. తరంగములను అందుకొనుట దాని పని. పాటగా మార్చుట లోపలి యంత్రము పని. కాని ఒక భేదము కలదు. రేడియో అంగడినుండి తెచ్చిననాడే పలుకును. మెదడు చూచుటను నేర్చుకొనవలయును.

ఈ విషయమును గూర్చి 1688లో ఐర్లండు దేశీయుడగు విలియం మోలినో ఒక ప్రశ్న వేసెను. పుట్టుగ్రుడ్డి యొకడు గోళమును, ఘనమును చేతితో తడిమి గుర్తింపగలడు. అతనికి హఠాత్తుగా చూపు వచ్చినచో, ముట్టుకొనకయే ఏది గోళమో ఏది ఘనమో చెప్పగలడా? తత్త్వవేత్తలు మూడువందల యేండ్లు వాదించిన ఈ ప్రశ్నకు సమాధానము మనదేశపు పిల్లలు చెప్పిరి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడగు పవన్ సిన్హా ‘ప్రకాశ్’ అను ప్రణాళికను ప్రారంభించి, చూపులేని పిల్లలకు ఢిల్లీలో చికిత్స చేయించెను. 8 మొదలు 17 ఏండ్ల వయసుగల ఐదుగురిని, శస్త్రచికిత్స జరిగిన రెండు దినములలోపల పరీక్షించిరి. చేతితో తడిమిన దిమ్మె యేదో కంటితో చూచి చెప్పుమనగా, వారు ఊహించి చెప్పినవారికంటె పెద్దగా మెరుగుగా చెప్పలేకపోయిరి. 2011లో ప్రకటితమైన ఈ ఫలితము మోలినోకు ‘చెప్పలేడు’ అను జవాబు నిచ్చినది. అయితే కొలది దినములలోనే ఆ పిల్లలు కన్నును చేతిని కలుపుట నేర్చుకొనిరి.

ఇట్లు చూపు వచ్చినవారికి, ఒకదానిపై నొకటి పడిన వృత్తమును చతురస్రమును చూపగా, రెండు వస్తువులుగా గాక మూడు తునకలుగా తోచెను. ఆ బొమ్మలను కదల్చినప్పుడు మాత్రము ఏది దేనితో చేరినదో తెలిసెను. కలిసి కదలునది ఒకే వస్తువని మెదడు గ్రహించును.

కాని ఈ నేర్పునకు ఒక కాలపరిమితి కలదు. హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనల కన్నొకటి పుట్టిన తొలివారములలో మూసి యుంచిరి. తరువాత తెరచినను, మెదడులోని కణములు ఆ కంటి సంకేతములకు దాదాపు స్పందింపలేదు. కన్ను బాగుగనే యున్నది. మెదడు దానిని విడిచిపెట్టినది. ఈ పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమానము లభించెను.

ఇందు మన యిండ్లకు పనికివచ్చు పాఠమొకటి కలదు. శుక్లములు వృద్ధులకే వచ్చునని తలంపరాదు, పుట్టుకతోనే రావచ్చును. పసిపాప కనుపాపలో తెల్లదనము కనబడినను, రెండుమూడు నెలలు నిండినను తల్లిముఖమును చూడకున్నను, ‘పెద్దయినపిమ్మట చూపింతము’ అని జాగు చేయరాదు. తెల్లదనము ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయకరమైన కణితికిని గుర్తు కావచ్చును. పుట్టుశుక్లములకు తొలి వారములలోనే చికిత్స జరిగినచో మేలు. ఆ సమయము దాటినవారును నిరాశ చెందనక్కరలేదు. పూర్తి తీక్ష్ణత రాకున్నను ఎదిగిన పిల్లలు సైతము చూచుట నేర్చుకొందురని ‘ప్రకాశ్’ చూపినది. పెద్దలము మనము వాయిదా వేయు ప్రతి నెలయు, బిడ్డ మెదడు చదువుకొనవలసిన పాఠములలో నొకటి తగ్గుటయే యని గుర్తుంచుకొందము.