నేల ఎవరిది? బొగ్గు ఎవరిది?

రామగిరి ఖిల్లా చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు వరిపొలాలుండేవి. ఇప్పుడు చాలాచోట్ల ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టలు కనిపిస్తాయి. ఆ ప్రాంతంలో మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి వదిలి వెళ్ళిన కొద్దిపాటి పొలం గని కోసం పోయింది. పరిహారం డబ్బు వచ్చిన వారంలోనే ఇంట్లో వాదన మొదలైంది.

పెద్దాయన బాయి పని చేసి రిటైరైన కార్మికుడు, ఎర్రజెండా యూనియన్ మనిషి. తమ్ముడు కిరాణా దుకాణం నడుపుతాడు. జుమా నమాజు తరువాత మేము వారింటికి వెళ్ళేసరికి మాటలు జోరుగా సాగుతున్నాయి.

"భూమి ఎవడి సొత్తూ కాదురా, అందరిదీ" అన్నాడు అన్న.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదని అర్థం భయ్యా. అబ్బా చెమటోడ్చి సంపాదించింది మనది కాకుండా ఎలా పోతుంది?" అన్నాడు తమ్ముడు.

ఈ ఇద్దరిలో ఎవరిది నిజం? పాఠకులతో కలిసి కాస్త ఆలోచిద్దామనిపించింది.

సిద్ధాంతంలో కమ్యూనిజం మనిషి ఒంటిమీది చొక్కానూ, ఉండే ఇంటినీ లాక్కోమని చెప్పలేదు. 1848లో మార్క్స్, ఎంగెల్స్ రాసిన ప్రణాళిక ఎదిరించింది ఒకరి శ్రమను మరొకరు దోచుకోవడానికి ఉపయోగపడే ఆస్తిని. మరి ఆచరణలో ఏం జరిగింది? రష్యాలో 1917 విప్లవం భూస్వాముల భూములను రైతుల చేతికిచ్చింది. పుష్కరకాలం గడిచాక స్టాలిన్ ప్రభుత్వం అదే రైతుల భూములనూ పశువులనూ బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలిపింది. 1932-33 కరువులో లక్షలాది ప్రాణాలు పోయాయి. చైనాలో కమ్యూన్ల కాలంలోనూ ఘోరమైన కరువు వచ్చింది. 1978లో అక్కడి షియావోగాంగ్ గ్రామంలో పద్దెనిమిది మంది రైతులు రహస్యంగా ఒప్పందం రాసుకుని కమ్యూన్ పొలాన్ని ఇంటింటికీ పంచుకున్నారు. తరువాత ప్రభుత్వమే ఆ దారిన నడిచింది.

మన తెలంగాణలో కథ వేరు. విసునూరు దేశ్‌ముఖ్‌పై కోర్టుకెక్కి గెలిచి, ఆ గెలుపుకు ప్రాణమే వెలగా చెల్లించిన షేక్ బందగీ ఒక పేద ముస్లిం రైతు. ఆయన కోరింది సమష్టి క్షేత్రం కాదు, తన పొలం తనకు కావాలని. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు నాయకులు రాశారు. కార్మిక నాయకుడైన కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఆ ఉద్యమం మనిషే. సొంత ఆస్తిని కాదన్న పార్టీకి ఇక్కడ పేరు తెచ్చింది పేదవాడికి సొంత భూమి ఇప్పించిన పోరాటమే! తమ్ముడు ఈ మాట విని నవ్వాడు. అన్న నవ్వలేదు.

"మరి సింగరేణి సంగతేమిటి? అది ప్రైవేటువాళ్ళ చేతిలో ఉంటే మాకు ఈ పింఛను, ఆ ఆసుపత్రి ఉండేవా?" అని అడిగాడు అన్న.

అదీ నిజమే. ఇల్లెందు ప్రాంతంలో 1871లో బొగ్గు బయటపడింది. 1886లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొనడంతో అది సర్కారు సంస్థ అయింది. నేడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. 2023 డిసెంబరులో జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో కార్మికులు ఏఐటీయూసీనే గెలిపించారు.

అయితే ప్రజల ఆస్తి అయిన ఆ సంస్థలోనే కార్మికులు ఎంతోకాలంగా వారసత్వ ఉద్యోగం అడుగుతూ వచ్చారు. తండ్రి కొలువు కొడుక్కి రావాలని! ఆ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. అనారోగ్యంతో పనికి పనికిరాని కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు 2018లో మొదలయ్యాయి. పొలం లేనివాడికి కొలువే పొలం. తాను సంపాదించింది బిడ్డలకు మిగలాలనే కోరిక ఏ జెండా కిందనైనా చావదు.

చట్టం ఏమంటోంది? ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 1978లో చేసిన 44వ సవరణ దానిని ఆ జాబితా నుంచి తీసి 300ఏ అధికరణంలో ఉంచింది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని దాని సారాంశం. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ప్రైవేటు ఆస్తినీ సమాజపు వనరుగా లెక్కించరాదని అధికసంఖ్యాక తీర్పు ఇచ్చింది.

మన ధర్మం ఈ రెంటి మధ్య దారి చూపింది. యెమెన్‌లోని మారిబ్ ఉప్పుగనిని తనకివ్వమని అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) మహాప్రవక్త (స)ను కోరారు. ఆయన ఇచ్చారు. అది ఎడతెగని నీటి ఊటలాంటి సంపద అని ఒకరు చెప్పగానే తిరిగి తీసుకున్నారు. అందరి అవసరాన్ని ఒకరి చేతిలో పెట్టరాదని పండితులు దీని నుంచి గ్రహించారు. భూమి లోతుల్లోని గనుల గురించి మాత్రం వారి మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మాలికీ పండితుల్లో ప్రసిద్ధమైన మాట, గని పాలకుని అధీనంలో ఉండాలన్నది. హనఫీలు లోహపు గనుల్లో ఐదోవంతు ప్రజాధనానికి తీసి, మిగిలింది యజమానికి వదిలారు. అదే ధర్మం మనిషి కష్టార్జితాన్ని గౌరవించింది, దానిపై జకాత్ విధించింది, మరణానంతరం మీరాస్‌గా పంచమంది.

మీరాస్ అన్న మాట రాగానే తలుపు వెనుక నుంచి వారి చెల్లెలి గొంతు వినిపించింది.

"ఇద్దరు అన్నలూ ఇందాకటి నుంచి భూమి అందరిదా, సొంతమా అని వాదిస్తున్నారు. నా వాటా సంగతి ఒక్కరూ ఎత్తలేదేం?"

ఇద్దరూ మౌనం వహించారు. "నీ పెళ్ళికి ఖర్చు పెట్టాం కదమ్మా" అని తమ్ముడు మెల్లగా అన్నాడు. పెళ్ళి ఖర్చు అన్నదమ్ముల ప్రేమ, మీరాస్ అల్లాహ్ నిర్ణయించిన హక్కు, ఒకటి మరొకదాన్ని చెరపదని మేము చెప్పాము. తల్లి కూడా లేదు కనుక ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అంటే ఐదు భాగాలు. అన్నలకు రెండేసి, చెల్లెలికి ఒకటి. మొహమాటపెట్టి "మాఫ్ చేశాను" అనిపించుకోవడం వాటా ఇచ్చినట్లు కాదు.

పెద్దాయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. "నలభై ఏళ్ళు సమానత్వం గురించి నినాదాలిచ్చాను. ఇంట్లో ఉన్న చెల్లెను మరిచాను" అన్నాడు. తమ్ముడు లెక్కల పుస్తకం తెచ్చాడు. ఆ సాయంత్రమే డబ్బు ఐదు భాగాలైంది.

గనుల ప్రాంతంలో పరిహారం అందుకునే కుటుంబాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆస్తి హక్కు కోసం సర్కారును నిలదీయడం న్యాయమే. సమానత్వం కోసం పోరాడడమూ న్యాయమే. కానీ ఆ రెండు మాటలకూ మొదటి పరీక్ష మన గడప లోపలే ఉంది. మీ ఇంట్లో అక్కచెల్లెళ్ళ వాటా వారికి చేరిందా? ఈ జుమా నాడే లెక్క చూసుకోండి.